ఏడేళ్ల పాపకి ముందస్తు ఎదుగుదల: వంశమా, తిండా? జీన్ టెస్ట్ చేయించాలా?

సిరి_అమ్మ:
అందరికీ నమస్కారం. మా పాపకి ఏడేళ్ల నాలుగు నెలలు. సంక్రాంతి సెలవుల్లో తలంటు పోస్తుంటే రొమ్ము దగ్గర చిన్న గడ్డలా గట్టిగా తగిలింది. ముట్టుకుంటే నొప్పి అంది. పిల్లల డాక్టర్ చూసి హార్మోన్ల డాక్టర్ దగ్గరికి పంపారు. ఎడమ చేతి ఎక్స్‌రే తీస్తే ఎముకల వయసు తొమ్మిదిన్నర అని వచ్చింది. రక్తంలో ఎల్‌హెచ్ అనే యవ్వనపు హార్మోన్ కూడా పెరిగింది. ఎంఆర్‌ఐ తీశారు, మెదడులో ఏమీ లేదు. ఎనిమిదేళ్లలోపే మొదలైంది కాబట్టి ముందస్తు యవ్వనమే, ఇంజెక్షన్లు మొదలుపెడదాం అన్నారు.

ఇక ఇంట్లో గొడవ. మా చెల్లెలు పదేళ్లకే పెద్దమనిషి అయింది. అది పట్టుకుని మా అత్తగారు "ఇది మీ వైపు నుంచే వచ్చింది" అని రోజుకోసారి అంటున్నారు. తోటికోడలేమో బయట తిండి పెట్టడం వల్ల అంటుంది. మా ఆయన ఏమీ మాట్లాడరు. తండ్రి నుంచి మాత్రమే పిల్లలకి వచ్చే జీన్ ఒకటి దీనికి కారణమని ఎక్కడో చదివాను. నిజమేనా? ఆ టెస్ట్ చేయించాలా? తెలిసినవాళ్లు చెప్పండి. నిద్ర పట్టడం లేదు.

పల్నాడు_రైతుబిడ్డ:
చెల్లెమ్మా, టెస్టుల జోలికి పోవద్దు. కారణం వంటింట్లోనే ఉంది. మా అమ్మ పదిహేనో ఏట పెద్దమనిషి అయింది. మా అక్క పదమూడు. ఇప్పుడు మా ఊళ్లో తొమ్మిదికీ పదికీ ఓణీల ఫంక్షన్లు చేస్తున్నారు. ముప్పై నలభై ఏళ్లలో జీన్లు మారతాయా? మారింది తిండి. నలభై రోజులకి రెండు కిలోలయ్యే బ్రాయిలర్ కోడి, ఇంజెక్షన్ పొడిచి పిండిన పాలు, ప్యాకెట్ చిరుతిళ్లు. అవి ఆపి జొన్నరొట్టె, నాటుకోడి, ఇంటి పాలు పెట్టండి.

సిరి_అమ్మ:
అన్నా, మా పాప చికెన్ నెలకి రెండుసార్లు కూడా తినదు. పాలు మా నాన్న పంపే గేదె పాలే.

కోళ్ల_షెడ్డు:
పదకొండేళ్లుగా కోళ్లు పెంచుతున్నాను. హార్మోన్ ఇంజెక్షన్ ఒక్కటి కూడా చూడలేదు. పదివేల కోళ్లకి ఎవరు పొడుస్తారు? తొందరగా పెరిగేది జాతి వల్ల, దాణా వల్ల. ఈ ప్రచారంతో ప్రతి ఏడూ నష్టపోయేది మేమే.

జీవశాస్త్రం_మాస్టారు:
సిరి_అమ్మ గారూ, మీరు చదివింది నిజమే. కాస్త వివరంగా చెప్తాను.

మెదడులో హైపోథాలమస్ అనే చోటు నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ విడుదలవడంతో యవ్వనం మొదలవుతుంది. చిన్నతనమంతా దాన్ని పట్టి ఉంచే బ్రేకులు ఉంటాయి. వాటిలో ఒకటి 15వ క్రోమోజోమ్ మీద ఉన్న ఎంకేఆర్‌ఎన్3 అనే జీన్. అది పాడైతే బ్రేకు ముందే వదులవుతుంది. 2013లో బోస్టన్, సావోపాలో పరిశోధకులు 15 కుటుంబాలను పరీక్షిస్తే 5 కుటుంబాల్లో ఈ జీన్‌లోనే లోపం దొరికింది.

దాదాపు ప్రతి జీన్‌కీ మనకి రెండు ప్రతులు (కాపీలు) ఉంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఈ జీన్‌లో తల్లి నుంచి వచ్చిన ప్రతి అందరిలోనూ మూతపడే ఉంటుంది. పనిచేసేది తండ్రి ఇచ్చిన ప్రతి ఒక్కటే. అందుకని లోపం తల్లి నుంచి వస్తే బిడ్డకి ఏమీ కాదు, తండ్రి నుంచి వస్తేనే బయటపడుతుంది. ఆ తండ్రికి అది వాళ్లమ్మ నుంచి వచ్చి ఉంటే ఆయనలోనూ ఏ లక్షణమూ కనిపించదు. ఒక తరం దాక్కుని తర్వాతి తరంలో తేలుతుంది. 2017లో బయటపడిన డీఎల్‌కే1 అనే మరో జీన్ కూడా ఇదే పద్ధతి, అది 14వ క్రోమోజోమ్ మీద ఉంటుంది.

కాబట్టి "మీ వైపు నుంచే వచ్చింది" అని మీ అత్తగారు అంత గట్టిగా అనడానికి ఆధారం లేదు. నేనైతే టెస్ట్ చేయించమనే అంటాను.

ఒంగోలు_వేణి:
మా అమ్మాయికి పదేళ్ల రెండు నెలలకి నెలసరి వచ్చింది. అది కూడా ఇదేనా?

కరీంనగర్_పద్మ:
వేణి గారూ, కాకపోవచ్చు. రొమ్ము ఎదుగుదల మొదలైన రెండు, రెండున్నర ఏళ్లకి నెలసరి వస్తుంది. మీ పాపకి ఎనిమిది దగ్గర మొదలై ఉంటుంది. కాస్త తొందరే, కానీ డాక్టర్లు గీసే గీత ఎనిమిదేళ్ల లోపు. ఆడపిల్లలకి ఎనిమిది, మగపిల్లలకి తొమ్మిది. నేను స్టాఫ్ నర్సుని, మా దవాఖానలో రోజూ ఈ ప్రశ్న వస్తుంది.

పల్నాడు_రైతుబిడ్డ:
ఎనిమిది, తొమ్మిది అని గీతలు గీసి సగం మందిని లెక్కలోంచి తీసేస్తున్నారు. ఏడేళ్ల పదకొండు నెలలకి రోగం, ఎనిమిదేళ్ల నెలకి ఆరోగ్యమా?

మాస్టారూ, మీరు చెప్పిన 15 కుటుంబాలు ఎక్కడివి? మావి కాదు కదా. నా ప్రశ్నకి జవాబు రాలేదు. మా అమ్మకి పదిహేను, మా అక్క కూతురికి తొమ్మిది. మధ్యలో ఏ జీన్ మారింది?

ఉప్సాల_వాణి:
నేను ఉండే స్వీడన్‌లోని ఉప్సాల ఊళ్లోనే దీని మీద పాత పరిశోధన ఒకటి జరిగింది. భారతదేశం నుంచి స్వీడన్‌కి దత్తత వచ్చిన 107 మంది అమ్మాయిల వివరాలు 1991లో ప్రచురించారు. వాళ్లలో నెలసరి మొదలైన మధ్యస్థ వయసు 11.6 ఏళ్లు. స్వీడన్ పిల్లలకంటే, మన దేశంలో బాగా తిండి దొరికే కుటుంబాల పిల్లలకంటే కూడా ముందు. కొందరికి మరీ చిన్న వయసులోనే వచ్చింది. జీన్లు మనవే, మారింది దేశం. పసితనంలో బక్కచిక్కి ఉండి, ఇక్కడికి వచ్చాక ఒక్కసారిగా బరువు, ఎత్తు పెరగడం కారణం కావచ్చన్నారు. తర్వాత డెన్మార్క్, బెల్జియంలలో కూడా దత్తత వచ్చిన పిల్లల్లో ముందస్తు యవ్వనం ఎక్కువని తేలింది.

పల్నాడు_రైతుబిడ్డ:
చూశారా? నేను చెప్పేదీ అదే. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి విత్తనం ఒకటే. కాలువ మొదట్లో వేస్తే ఒక పంట, చివరి భూమిలో వేస్తే ఇంకో పంట. విత్తనాన్ని తిట్టి ఏం లాభం?

జీవశాస్త్రం_మాస్టారు:
రైతుబిడ్డ గారూ, మీ పోలికనే తీసుకుందాం. ఒకే కాలువ కింద, ఒకే ఎరువు వేసి సాంబ మసూరి పక్కన ఇంకో రకం వేయండి. అవి ఒకే రోజు ఈనుతాయా? ఈనవు. అక్కడ తేడా విత్తనానిదే. మీరు తరాల మధ్య తేడా గురించి అడుగుతున్నారు, నేను ఒకే తరంలో పిల్లకీ పిల్లకీ మధ్య తేడా గురించి చెప్తున్నాను. రెండూ వేరు.

తరాల మధ్య తేడా జీన్ల వల్ల కాదని నేనూ ఒప్పుకుంటాను. యూరప్‌లో పంతొమ్మిదో శతాబ్దంలో పదహారు, పదిహేడేళ్లకి వచ్చే నెలసరి ఇరవయ్యో శతాబ్దం మధ్యకి పదమూడుకి దిగింది. అది తిండి, ఆరోగ్యం బాగుపడటం వల్లే. కానీ ఒకే కాలంలో, ఒకే ఊళ్లో ఎవరికి ముందు, ఎవరికి వెనక అన్నదాంట్లో సగం నుంచి ముప్పాతిక దాకా వారసత్వమని కవలల మీద చేసిన అధ్యయనాలు చెప్తున్నాయి. 2024లో కేంబ్రిడ్జ్ వాళ్ల నాయకత్వంలో దాదాపు 8 లక్షల మంది స్త్రీల డీఎన్‌ఏ చూశారు. నెలసరి వయసుతో ముడిపడిన గుర్తులు వెయ్యికి పైగా దొరికాయి. ఒక్కొక్కటీ చేసే తేడా చాలా చిన్నది. కానీ తొందరవైపు లాగేవి అన్నీ ఎక్కువగా పోగైన నూటికి ఒక్కరిలో ముందస్తు యవ్వనం వచ్చే అవకాశం దాదాపు 14 రెట్లు.

పల్నాడు_రైతుబిడ్డ:
ఆ 8 లక్షల్లో మన తెలుగు పిల్లలు ఎంతమంది?

ఉప్సాల_వాణి:
అది మంచి ప్రశ్నే. యూరప్, ఉత్తర అమెరికా, చైనా, కొరియా, జపాన్ వాళ్లు. మన దేశం లేదు. ఇంకో సంగతి మాస్టారు వదిలేశారు. ఆ గుర్తుల్లో దాదాపు 45 శాతం చిన్నతనంలో బరువు పెంచడం ద్వారానే పనిచేస్తాయని అదే అధ్యయనం చెప్పింది. అంటే వాటి దారి కంచంలోంచే పోతోంది. జీన్ ఒక పక్క, తిండి ఒక పక్క అని విడదీయలేం.

నల్గొండ_సతీష్:
మేనరికాలు ఆపితే ఇవన్నీ పోతాయి.

జీవశాస్త్రం_మాస్టారు:
సతీష్ గారూ, ఈ రెండు జీన్లకీ మేనరికానికీ సంబంధం లేదు. తండ్రి నుంచి ఒక్క ప్రతి చెడి వస్తే చాలు. మేనరికంతో పెరిగేవి తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ చెడిన ప్రతి వస్తే కలిగే జబ్బులు. కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథికి సంబంధించినది అలాంటిది ఒకటి ఉంది. అందులో రొమ్ము కాదు, వెంట్రుకలు ముందు వస్తాయి. వైద్యం కూడా వేరు.

పల్నాడు_రైతుబిడ్డ:
మళ్లీ పుస్తకం తెరిచారు. 2020 లాక్‌డౌన్‌లో పిల్లలు ఇంట్లో కూర్చుంటే ఇలాంటి కేసులు పెరిగాయని పేపర్లలో వచ్చింది. ఏడాదిలో జీన్లు మారాయా? ఇంట్లో కూర్చుని తిన్నారు, ఫోన్లు చూశారు. అంతే. సిరి_అమ్మ గారూ, ఏమీ అనుకోవద్దు, పాప బరువెంత? రోజుకి ఎన్ని గంటలు ఫోన్ ఇస్తున్నారు? ముందు అవి చెప్పండి.

సిరి_అమ్మ:
ఇరవై ఏడు కిలోలు. డాక్టర్ గారు కొంచెం ఎక్కువే, కానీ మరీ ఊబకాయం కాదన్నారు. ఫోన్ అన్నం తినేటప్పుడు ఇస్తాను. ఇవ్వకపోతే తినదు.

పల్నాడు_రైతుబిడ్డ:
అదీ సంగతి.

కరీంనగర్_పద్మ:
ఏమిటి అదీ సంగతి? ఏడేళ్ల పిల్ల అన్నం తినేటప్పుడు ఫోన్ చూస్తే ఎముకల వయసు రెండేళ్లు ముందుకి పోతుందా? లాక్‌డౌన్‌లో కేసులు పెరిగింది నిజమే. ఇటలీలో చూశారు, పుణె డాక్టర్లూ రాశారు. కానీ ఎందుకన్నది ఇంకా తేలలేదు. బరువా, నిద్రా, భయమా, లేక ఇంట్లోనే ఉండటంతో తల్లులు ముందుగా గమనించారా అన్నది ఎవరూ తేల్చి చెప్పలేదు. మీరు మాత్రం ఒక్క ముక్కలో తల్లి మీదికి తోసేశారు.

జీవశాస్త్రం_మాస్టారు:
బాగా చెప్పారు పద్మ గారూ. ఈ తిండి పాటతో ఎంతమంది తల్లులు కుమిలిపోతున్నారో రైతుబిడ్డ గారికి తెలియదు. సైన్స్ తెలియనప్పుడు ఊరుకోవాలి.

పల్నాడు_రైతుబిడ్డ:
నాకు సైన్స్ తెలియదు, ఒప్పుకుంటాను. మరి మీకు ల్యాబ్ వాళ్లతో ఏమన్నా సంబంధం ఉందా? మొదటి రోజు నుంచి టెస్ట్ చేయించు, టెస్ట్ చేయించు అంటున్నారు. వేలకి వేలు పోసి కాగితం తెచ్చుకుంటే పిల్లకి ఒరిగేదేమిటి?

జీవశాస్త్రం_మాస్టారు:
ఇరవై ఆరేళ్లు ప్రభుత్వ కాలేజీలో పాఠం చెప్పినవాణ్ణి. నన్ను అంత మాట అంటారా? ఆ మాట వెనక్కి తీసుకోండి.

పల్నాడు_రైతుబిడ్డ:
తీసుకోను. మీరు ఇంత తేలిగ్గా "వంశం", "వారసత్వం" అంటున్నారు కదా, ఆ మాట ఒక ఆడపిల్లని ఏం చేస్తుందో చెప్తాను వినండి. మా అక్క కూతురు తొమ్మిదేళ్లకే పెద్దమనిషి అయింది. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు అబ్బాయి తరఫువాళ్లు ఎవరి ద్వారానో విని, "ఇది వంశంలో ఉన్న జబ్బట కదా, రేపు పిల్లలకీ వస్తుందా" అని అడిగి వెళ్లిపోయారు. దాని తర్వాత ఇంకో సంబంధం కూడా అలాగే పోయింది. ఆ పిల్ల ఇప్పుడు ఇరవై నాలుగు. ఎవరి ఫంక్షన్‌కీ రాదు. తిండి వల్ల అని ఉంటే ఎవరూ వేలు చూపించేవాళ్లు కాదు, అందరి ఇళ్లలోనూ అదే తిండి. వంశం అన్నారు కాబట్టే దాని మీద ముద్ర పడింది. నేను బతికుండగా ఆ మాట ఒప్పుకోను.

ఉప్సాల_వాణి:
రైతుబిడ్డ గారూ, ఇది మొదటే చెప్పి ఉంటే నేను వేరేగా మాట్లాడేదాన్ని.

జీవశాస్త్రం_మాస్టారు:
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను.

మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా పెద్దమనిషి అయింది. మాకెవరికీ ఏమీ తెలియదు. అప్పటిదాకా క్లాసులో అందరికంటే పొడుగు, అక్కడే ఆగిపోయింది. నాలుగడుగుల పది అంగుళాలు. ఎముకలు తొందరగా ముదిరితే ఎదుగుదల తొందరగా ఆగిపోతుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. జీవశాస్త్రం చెప్పేవాణ్ణి, నా ఇంట్లోనే గమనించలేదు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? మా ఆవిడని అన్నాను. నువ్వు పెట్టే నూనె తిండి వల్లే అని ఏళ్ల తరబడి అన్నాను. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఆమె పోయాక ఈ జీన్ల గురించి చదివాను. మా నాన్న, మా చిన్నాన్న ఇద్దరూ పొట్టివాళ్లు, ఇద్దరికీ చిన్నప్పుడే మీసాలు వచ్చాయని మా మేనత్త చెప్పింది. టెస్ట్ చేయించలేదు కాబట్టి అదే కారణమని చెప్పలేను. కానీ ఆవిడ వంట కాదని మాత్రం చెప్పగలను. ఆ సంగతి ఆవిడకి చెప్పడానికి నాకు అవకాశం లేదు. అందుకే ఏ తల్లి "తిండి వల్లేనా" అని అడిగినా నేను ఊరుకోలేను.

పల్నాడు_రైతుబిడ్డ:
మాస్టారూ, ల్యాబ్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఫోన్ మాట కూడా. చెల్లెమ్మా, తప్పుగా అనుకోవద్దు.

కానీ వంశం మాట మీద నా అభిప్రాయం మారలేదు.

కరీంనగర్_పద్మ:
ఇప్పుడు నేను కాస్త పొడుగ్గా రాస్తాను. ఒకరు వంశం మాట వద్దంటున్నారు, అది పిల్ల మీద పడుతుందని. ఒకరు తిండి మాట వద్దంటున్నారు, అది తల్లి మీద పడుతుందని. సిరి వాళ్ల అమ్మ ఈ రెండింటి మధ్యా నలుగుతోంది. అమ్మా, నిన్నొక మాట అడుగుతాను. ఆ టెస్ట్ పాప కోసమా, మీ అత్తగారి కోసమా?

అత్తగారి కోసమైతే ఇది ముందే తెలుసుకో. ఆ 15 కుటుంబాల్లో మూడో వంతు దొరికింది, నిజమే. కానీ అవి ఒకే ఇంట్లో చాలామందికి ఉన్న కుటుంబాలు. ఇంట్లో ఒక్క పిల్లకే ఉన్నప్పుడు దొరకడం చాలా తక్కువ. చాలామంది ఆడపిల్లల్లో ఏ కారణమూ దొరకదు. రేపు రిపోర్టులో ఏమీ లేదని వచ్చిందనుకో, మీ అత్తగారు ఏమంటారు? "చూశావా, మావాడిది కాదు" అంటారు. అది నిజం కాదు, ఆ టెస్ట్‌కి తెలియని జీన్లు ఎన్నో. కానీ ఆ కాగితం నీకే ఎదురు తిరుగుతుంది. ఒకవేళ మీ ఆయన వైపు అని వచ్చిందనుకో, పాప ముందు ఇద్దరూ ఒకరినొకరు అనుకుంటారు. ఇంజెక్షన్ మాత్రం రెండు విధాలా ఒకటే.

నేను నాలుగో తరగతిలో పెద్దమనిషినయ్యాను. మా ఇంట్లో మూడు వందల మందికి భోజనాలు పెట్టారు. నన్ను పీట మీద కూర్చోబెట్టి చిమ్మిలి తినిపించారు. తర్వాత బడి మాన్పించారు, రెండేళ్లు. నాకెందుకు ముందు వచ్చిందని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. బడికి ఎందుకు పోకూడదని నేను అడిగాను, జవాబు రాలేదు. మా టీచరమ్మ ఇంటికొచ్చి పోట్లాడింది కాబట్టి ఇవ్వాళ నర్సునయ్యాను.

సిరి_అమ్మ:
పద్మక్కా, నిజం చెప్తున్నాను. అత్తగారి కోసమే.

మాకు ఇంకో బాబు ఉన్నాడు, నాలుగేళ్లు. వాడి సంగతి అడగడం కూడా నాకు గుర్తు రాలేదు.

జీవశాస్త్రం_మాస్టారు:
అమ్మా, బాబు ఉన్నాడని తెలిస్తే నేను మొదటి రోజే ఇది చెప్పేవాణ్ణి. ఒకవేళ లోపం మీ వారి దగ్గర ఉంటే బాబుకి వచ్చే అవకాశం సగానికి సగం. మగపిల్లల్లో మొదటి గుర్తులు బయటికి అంతగా కనపడవు కాబట్టి ఆలస్యంగా తెలుస్తుంది. టెస్ట్‌కి అసలు ఉపయోగం అక్కడే ఉంది. కానీ పద్మ గారు చెప్పింది నిజం, దొరకని అవకాశమే ఎక్కువ. టెస్ట్ లేకపోయినా ఏడాదికి రెండుసార్లు బాబు ఎత్తు కొలిచి రాసి పెట్టుకోండి. ఉన్నట్టుండి వేగం పెరిగితే డాక్టర్‌కి చూపించండి. నేను ఇంతకుముందు టెస్ట్ గురించి తొందరపడ్డాను.

ఉప్సాల_వాణి:
ఇంజెక్షన్ల గురించి భయం ఉంటే ఒక్క మాట. ఇవి మెదడు పంపే సంకేతాన్ని ఆపుతాయి. మానేశాక యవ్వనం మళ్లీ మొదలై మామూలుగా సాగుతుంది. పిల్లలు పుట్టరన్న భయం అక్కర్లేదు. ఎత్తు విషయంలో ఆరేళ్లలోపు మొదలుపెట్టినవాళ్లకి ఎక్కువ లాభం, ఎనిమిది దాటితే అంతగా ఉండదు. మీ పాప మధ్యలో ఉంది. అందుకని ఈ చర్చ ముగిసేదాకా ఆగకండి.

నల్గొండ_సతీష్:
నేనూ తెలియకుండా ఒక్క ముక్కలో అనేశాను. క్షమించండి.

సిరి_అమ్మ:
వారం తర్వాత వచ్చాను. నిన్న మొదటి ఇంజెక్షన్ అయింది. మూడు నెలలకోసారి ఇచ్చేది. పాప ఏడవలేదు, నర్సు చేతి గాజులు లెక్కపెట్టింది.

టెస్ట్ గురించి ఇంకా ఏమీ తేల్చుకోలేదు. కానీ మీరందరూ రాసింది మా ఆయనకి మొత్తం చదివి వినిపించాను. మాస్టారు గారి ఇంటి సంగతి దగ్గర ఆపమన్నారు. కాసేపాగి, తనకి ఐదో తరగతిలోనే గొంతు మారిందని, పిల్లలు వెక్కిరిస్తే ఏడాదంతా పద్యం చదవమన్నా లేచేవాణ్ణి కాదని చెప్పారు. ఇన్నేళ్లలో నాకు ఎప్పుడూ చెప్పలేదు. అదేమీ రుజువు కాదని నాకు తెలుసు. రాత్రి భోజనాల దగ్గర అత్తగారు మళ్లీ మొదలుపెడితే ఆయనే "అమ్మా, ఇక చాలు" అన్నారు.

పద్మక్కా, ఒక్క సంగతి. ఇంజెక్షన్‌కి మధ్యాహ్నం స్కూల్ నుంచి తీసుకెళ్లాలంటే టీచర్‌కి కారణం రాసివ్వాలట. పిల్లలందరికీ తెలియకుండా ఏమని రాయాలి? మీ దవాఖానకి వచ్చే తల్లులు ఏమని రాస్తారు?